సముద్రం పాలు

మా నిజామాబాదు జిల్లాలో సముద్రం మూడు చోట్ల కనిపిస్తుంది. మొదటిది రైల్వే స్టేషన్లో. ప్లాట్‌ఫారం కొసన ఉండే పసుపుపచ్చ బోర్డు మీద ఊరి పేరు పెద్దక్షరాలతో రాసి, అడుగున చిన్నక్షరాలతో సముద్రమట్టానికి మనం ఎంత ఎత్తున ఉన్నామో రాసి ఉంటుంది. నాలుగు వందల మీటర్లకు కాస్త అటూ ఇటూ. రైలు కోసం కాచుకొని కూర్చున్నవాళ్లలో ఆ చిన్నక్షరాలను చదివేవాళ్లు ఉంటారని నేననుకోను. రెండవది వాతావరణ వార్తల్లో. "బంగాళాఖాతంలో అల్పపీడనం" అన్న మాట చెవిన పడితే చాలు, వడ్లు ఆరబోసినవాడు టార్పాలిన్ కోసం పరుగెత్తుతాడు. మూడవది మా జలాశయాల పేర్లలో. నిజాంసాగరం, శ్రీరామసాగరం, అలీసాగరం! సముద్రం ముఖం చూడనివాళ్లం గనుక కట్టిన ప్రతి కట్ట వెనకా ఒక సాగరాన్ని చూసుకున్నాం కాబోలు.

నేను తెలుగు లెక్చరర్ని. పుట్టింది ఆర్మూరు పక్కన వేల్పూరు. పసుపు, మొక్కజొన్న, ఎర్రజొన్న పండే ఊరు. సముద్రాన్ని గురించి రాయడానికి నాకున్న అర్హత ఏమిటని మీరు అడగవచ్చు. ఒక చీటీ తప్ప మరేమీ లేదు. ఆ చీటీ సంగతే చెప్పబోతున్నాను.

ఆ మధ్య ఫిబ్రవరి 28న మా కళాశాలలో జాతీయ విజ్ఞాన దినోత్సవం పెట్టారు. సభను నడపవలసిన భౌతికశాస్త్ర మిత్రుడికి ఉన్నట్టుండి సెలవు అవసరమైంది. "నీకేమయ్యా, మైకు ముందు నిలబడడం అలవాటే కదా" అని ఆ బరువు నా నెత్తిన పెట్టి వెళ్లాడు. విద్యార్థులు ప్రశ్నలు చీటీల మీద రాసి డబ్బాలో వేయాలి, వేదిక మీద ఉన్నవాళ్లు జవాబు చెప్పాలి. రాకెట్లు, చంద్రయానం, సెల్‌ఫోన్లు వస్తాయనుకున్నాను. చీటీలు విప్పుతూ పోతే సగానికి పైగా సముద్రం మీదే! సముద్రం నీళ్లు ఎందుకు ఉప్పగుంటయి? ఇన్ని నదులు కలిసినా సముద్రం ఎందుకు నిండదు? నిజామాబాదుకు సునామీ వస్తదా? సముద్రం అడుగున ఏముంటది? సముద్రంలో ప్లాస్టిక్ పోయి ఎక్కడ ఆగుతది? పిల్లల్లో నూటికి తొంభై మంది ఇంకా సముద్రం చూడలేదు. చూడనిదాని మీదనే ఆసక్తి ఎక్కువ కాబోలు.

ఆ దినోత్సవానికీ సముద్రానికీ చుట్టరికం ఉందన్న సంగతి నాకు ఆ రోజు తెలియదు. తర్వాత చదివాను. సర్ సి. వి. రామన్ బాల్యంలో కొన్నేళ్లు విశాఖపట్నంలో చదువుకున్నాడు. 1921లో ఓడ మీద పోతూ మధ్యధరా సముద్రపు నీలిరంగు చూసి, ఈ నీలం ఎక్కడిదని తర్కించుకున్నాడు. ఆకాశపు నీడ అని అప్పటిదాకా పెద్దలు చెప్పిన మాట ఆయనకు నచ్చలేదు. ఆ తర్కమే సాగి సాగి 1928 ఫిబ్రవరి 28న రామన్ ఫలితంగా తేలింది. మా పిల్లల ప్రశ్నలు అస్థానంలో పడలేదన్నమాట.

ఉప్పు ప్రశ్నకు రసాయనశాస్త్రం ఆయన జవాబు చెప్పాడు. నదులు రాళ్లను కడిగి, మట్టిని కరిగించి లవణాలను మోసుకుపోతాయి. సముద్రం మీద నీరు ఆవిరై లేచిపోతుంది, ఉప్పు మాత్రం అక్కడే మిగిలిపోతుంది. కోట్ల సంవత్సరాలుగా ఇదే వ్యవహారం. లీటరు సముద్రపు నీటిలో దాదాపు 35 గ్రాముల లవణాలుంటాయి. నిండకపోవడానికి కారణమూ ఇందులోనే ఉన్నది. ఆవిరిగా లేచినది మేఘమై మళ్లీ మన మీదకే వస్తున్నది. సునామీ ప్రశ్నకు నేనే లేచి రైల్వే బోర్డు సంగతి చెప్పాను. అందరూ నవ్వారు.

ఆఖరున మిగిలిన చీటీ ఒక అమ్మాయి రాసింది. రెండో సంవత్సరం చదువుతున్నదట. పేరు రాయలేదు గాని దస్తూరీ నాకు తెలుసు. ఆ చీటీలో ఉన్నది ఇది:

"గోదావరి నీళ్లు వృథాగా సముద్రం పాలవుతున్నయని అందరూ అంటరు. మీరు గూడ క్లాసుల అన్నరు. సముద్రానికి ఆ నీళ్లు అవసరం లేవా సార్?"

వేదిక మీద ఉన్న ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. గంట కొట్టే వేళయింది. "మంచి ప్రశ్న, మళ్లీ మాట్లాడుకుందాం" అని తప్పించుకున్నాను. పాతికేళ్ల నాటి నా మాస్టర్లు ఈ ఎత్తు ఎందుకు వేసేవారో అప్పుడు తెలిసింది.

ఇంటికి వచ్చినా ఆ చీటీ జేబులోనే ఉంది. మొట్టమొదట నా సొంత సరుకు, అంటే మాటను, పట్టి చూశాను. "సముద్రం పాలు" అంటున్నాం. పాలు అంటే ఏమిటి? వాటా. పాలు పంచుకోవడం, పాలుపంపులు, మా వైపు దాయాదులను పిలిచే పాలోళ్లు, అన్నీ ఈ మాట పిల్లలే. అన్నదమ్ముల ఆస్తిలో ఎవరి పాలు వారిది. ఆ లెక్కన "సముద్రం పాలు" అంటే సముద్రపు వాటా అనే అర్థం. ఏనాడు ఎవరు తిప్పారో గాని, వాటా అన్న మాట నష్టమన్న అర్థంలో స్థిరపడిపోయింది. దొంగల పాలు, మంటల పాలు, సముద్రం పాలు! పాలోడిని తీసుకుపోయి దొంగల వరుసలో నిలబెట్టాం.

ఇక పురాణం వైపు చూశాను. అగస్త్యుడు సముద్రాన్ని తాగేసిన కథ మీకు తెలుసు. చిన్నప్పుడు అక్కడితో ఆపేస్తాం. భారతం అరణ్యపర్వంలో ఆ కథ అక్కడ ఆగలేదు. రాక్షసుల పని పట్టిన తర్వాత దేవతలు, "స్వామీ, నీళ్లు తిరిగి విడిచిపెట్టండి" అని వేడుకుంటే, అవి అరిగిపోయాయి పొమ్మన్నాడు ఆయన. సముద్రం ఎండిపోయి గొయ్యిలా ఉండిపోయింది. ఎంతో కాలానికి భగీరథుడు గంగను దించితే, ఆ నది వచ్చి పడి సముద్రం నిండింది. కపిలుడి కంటిమంటకు బూడిదైన సగరపుత్రుల కథ ఇందులోదే. సాగరం అన్న పేరు ఆ సగరుడి వల్ల వచ్చినదే. మన పెద్దల ఊహలో నది సముద్రంలో కలవడం నష్టం కాదు, సముద్రానికి ప్రాణం పోయడం. మరి శాస్త్రం ఏమంటుంది?

మా భౌతికశాస్త్ర మిత్రుడు తిరిగి వచ్చాక ఇద్దరం కూర్చుని కాయితాలు తిరగేయడం మొదలుపెట్టాం. మొదట తెలిసినది, బంగాళాఖాతాన్ని శాస్త్రీయంగా చదవడం మన తెలుగు గడ్డ మీదే ఊపందుకున్నదని. 1952లో అమెరికానుంచి యూజీన్ లఫాండ్ అనే సముద్ర శాస్త్రజ్ఞుడు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చాడు. అక్కడి అధ్యాపకులను, విద్యార్థులను వెంటబెట్టుకొని, నౌకాదళం వారి ఓడల మీద పోయి, సముద్రంలో ఏ లోతున ఎంత వేడి, ఎంత ఉప్పు అని కొలిచాడు. వసంతకాలపు నైరుతి గాలులు తీరం వెంట వీచినప్పుడు పైనీరు తీరానికి దూరంగా తొలగి, అడుగున ఉన్న చల్లని నీరు పైకి ఉబికి వస్తుందని ఆయన విశాఖ తీరంలో చూపించాడు. ఆ అడుగు నీళ్లలో పోషకాలుంటాయి. ఎక్కడ ఉబికితే అక్కడ చేపలకు పండుగ.

లఫాండ్ మళ్లీ 1963లో వచ్చాడు. ఈసారి వచ్చిన ఓడ పేరు ఆంటన్ బ్రూన్. ఆ ఓడ పూర్వాశ్రమంలో అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ విహరించిన విలాసనౌక! హిందూ మహాసముద్రాన్ని శోధించడానికి దేశాలన్నీ కలిసి 1959 నుంచి 1965 దాకా చేసిన మహాయాత్రలో అది పాల్గొన్నది. మన తూర్పు తీరానికి ఎదురుగా సముద్రం అడుగున లోతైన లోయలు మూడు కనిపిస్తే వాటికి ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అని పేర్లు పెట్టారు. మహదేవన్ అంటే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్రాన్ని పెంచిన ప్రొఫెసర్ సి. మహదేవన్. నీళ్ల అడుగున మన భాషవాళ్ల ఊరు ఒకటి ఉన్నట్టే.

ఇప్పుడైతే దేశం మొత్తానికి సముద్రాన్ని కాపలా కాసే కేంద్రం మాకు రైలు దూరంలోనే, హైదరాబాదు ప్రగతినగర్ దగ్గర ఉన్నది. జాతీయ మహాసముద్ర సమాచార కేంద్రం, అందరూ ఇన్‌కాయిస్ అంటారు. 1999లో నెలకొల్పారు. 2004 డిసెంబరు 26 నాటి సునామీ మన దేశంలో పదివేల మందికి పైగా పొట్టన పెట్టుకొన్న తర్వాత, 2007 అక్టోబరు నుంచి సునామీ హెచ్చరికలు ఇక్కడి నుంచే వెళుతున్నాయి. సముద్రం అడుగున భూమి కదిలితే నిమిషాల్లో ఇక్కడ తెలుస్తుంది. సముద్రపు పైనీటి వేడిని, అందులోని పచ్చదనాన్ని ఉపగ్రహాలు చూసి చెబితే, ఏ వైపు పోతే చేపలు దొరుకుతాయో మత్స్యకారులకు తెలుగులో కబురు పోయేదీ ఇక్కడి నుంచే. సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్లను వదిలి, దక్కను రాళ్ల మీద కూర్చుని సముద్రాన్ని చూస్తున్నారని నేను వేళాకోళం చేస్తే, "ఒడ్డున కూర్చుంటే ఒడ్డే కనబడుతుంది" అన్నాడు మా మిత్రుడు.

సరే, చీటీకి జవాబు. నదుల నీరు తేలిక, సముద్రపు నీరు బరువు. వర్షాకాలంలో గంగా బ్రహ్మపుత్రలు, మహానది, గోదావరి, కృష్ణ, ఐరావతి, ఇంకా ఆకాశం నుంచి పడే వాన, అంతా బంగాళాఖాతం మీద పాల మీద మీగడలాగ తేలి ఉంటుంది. ఈ మీగడ కింది నీటితో తొందరగా కలవదు. ఎండ వేడిని పైపైనే పట్టి ఉంచుతుంది. పైనీరు వేడిగా ఉంటేనే అల్పపీడనాలు పుట్టేది. అరేబియా సముద్రంతో పోలిస్తే బంగాళాఖాతంలో ఇవి ఎక్కువ కావడానికి ఈ తియ్యనీటి మీగడ కూడా ఒక కారణమని శాస్త్రజ్ఞులు చెబుతారు. అంటే శ్రీరామసాగరాన్ని నింపే వాన ఎక్కడ పుడుతున్నదో అక్కడికి నది నీరు చేరడం ఆ వాన పుట్టుకలో భాగమే. ఇందులో గంగా బ్రహ్మపుత్రల వాటాయే పెద్దది, గోదావరిది చిన్నది. అయినా వాటా వాటాయే.

రెండవ సంగతి చేపలది. పులస పేరు మా వైపు కూడా తెలుసు. పుస్తెలమ్మి అయినా తినాలన్న సామెత ఇక్కడిదాకా వచ్చింది, చేప మాత్రం రాలేదు. సముద్రంలో ఉండే ఈ చేప వరద రోజుల్లో గోదావరికి ఎదురీది వచ్చి గుడ్లు పెడుతుంది. ఎర్రనీరు సముద్రంలోకి తోసుకుపోతేనే దానికి దారి తెలుస్తుంది. నది రాకపోతే చేప దేన్ని పట్టుకొని రావాలి? వేసవిలో నది బక్కచిక్కితే సముద్రపు ఉప్పునీరు పాయల వెంట లోపలికి ఎగదన్నుతుంది, కోనసీమలో బావినీళ్లకు ఉప్పు తగులుతుంది. కోరింగ మడ అడవులు బతికేది కూడా ఉప్పునీరూ మంచినీరూ కలిసే చోటనే.

మూడవది మన్ను. చీటీ నన్ను వదలకుండా పట్టుకొన్నది ఇక్కడనే.

గోదావరి త్రయంబకంలో పుట్టి, మహారాష్ట్ర నల్లరేగడి మీదుగా వచ్చి, మా జిల్లాలో కందకుర్తి దగ్గర మంజీరను కలుపుకొని తెలంగాణలో అడుగుపెడుతుంది. మొత్తం 1465 కిలోమీటర్ల నడక. ఆ నడకలో అది మోసేది నీటిని మాత్రమే కాదు. కోనసీమ అంటే ఏమిటనుకున్నారు? వేల ఏళ్లుగా గోదావరి తెచ్చి పోసిన దక్కను మన్ను. ఆ కొబ్బరి తోటలు నిలబడ్డది మన ఎగువవాళ్ల చేలనుంచి కొట్టుకుపోయిన మట్టి మీద. కాకినాడకు అడ్డుగోడలాగ సముద్రంలో పొడుగ్గా సాగిన హోప్ ఐలాండ్ కూడా గత రెండు వందల ఏళ్లలో గోదావరి ఇసుక పేర్చిన దిబ్బే. నది పోస్తూ ఉంటుంది, సముద్రం కోస్తూ ఉంటుంది. పోత ఎక్కువైతే నేల ముందుకు పోతుంది, కోత ఎక్కువైతే వెనక్కు జరుగుతుంది.

మరి పోత ఎక్కడ ఆగింది? పోచంపాడుకు పోయి చూడవచ్చు. 1963 జూలై 26న జవహర్‌లాల్ నెహ్రూ పునాదిరాయి వేసిన శ్రీరామసాగరం, కట్టినప్పుడు 112 టీఎంసీల నీరు పట్టేది. 1994 నాటి కొలతలో 90కి దిగింది. ఆ తరువాతి కొలతలో 80కి వచ్చింది. పోయిన 32 టీఎంసీల చోటులో ఇప్పుడున్నది ఒండ్రు. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. మా వైపు ట్రాక్టరు డబ్బాలో వంద ఘనపుటడుగుల మట్టి పడుతుందనుకోండి, ముప్పై రెండు కోట్ల ట్రాక్టర్లు! ఈ లెక్క నేను ఇంట్లో వేస్తుంటే మా ఆవిడ, "ఎన్ని సున్నాలో మళ్లీ చూడండి, మీరు తెలుగు మాస్టారు" అన్నది. మళ్లీ చూశాను. సున్నాలు సరిగానే ఉన్నాయి.

మంజీర మీది నిజాంసాగరం కథా ఇంతే. 1931లో పూర్తయిన ఆ కట్ట కింద బోధన్ చెరుకు పండింది. ఆ చెరుకుతో ఆసియాలోనే పేరుమోసిన చక్కెర ఫ్యాక్టరీ నడిచింది, 2015 డిసెంబరులో మూతపడింది. జలాశయం మాత్రం అంతకు ఎంతో ముందే పూడికతో సగానికి పైగా సామర్థ్యం పోగొట్టుకొని, 1970లలో ఎత్తు పెంచుకోవలసి వచ్చింది.

ఈ మన్ను అందక అక్కడ ఏమైందో ఆంధ్ర విశ్వవిద్యాలయం వారు లెక్కగట్టారు. 1970లలో గోదావరి డెల్టాకు ఏటా సగటున 15 కోట్ల టన్నుల ఒండ్రు చేరేది. 1990లు వచ్చేసరికి 6 కోట్ల టన్నులు కూడా రావడం లేదు. 1976 నుంచి 2001 వరకు పాతికేళ్లలో, వచ్చిన నేల పోను, డెల్టా ముఖాన సముద్రంలో కలిసిన నేల 1836 హెక్టార్లు. మన ఎకరాల్లో నాలుగు వేల అయిదు వందలు. పోచంపాడు ఒక్కదానిదే పాపమని నేననడం లేదు. పైఠాన్ దగ్గర జయక్వాడి ఉన్నది, ఉపనదుల మీద కట్టలున్నాయి. గోదావరి నీటిలో సింహభాగం మాకు చాలా దిగువన ప్రాణహిత, ఇంద్రావతి, శబరి తెచ్చి కలుపుతాయి. కానీ వీటి పేర్లు చెప్పి నేను తప్పించుకుంటే మా మేనమామ ఊరుకోడు. ఆయన సంగతి తర్వాత చెబుతాను.

కాయితాల మీద లెక్క చూసినంత మాత్రాన నాకు ఒళ్లు జలదరించలేదు. ఆ దసరా సెలవుల్లో ఉప్పాడ వెళ్లాం. మా ఆవిడకు జాందానీ చీర కొనాలన్నది పైకి చెప్పిన కారణం. చీర కొన్నాం, ధర చెప్పను. సాయంకాలం తీరానికి పోయాం. కాకినాడనుంచి వచ్చే రోడ్డు పక్కన పెద్ద పెద్ద రాళ్లు పోశారు. ఆ రాళ్ల మీదుగా కెరటం రోడ్డు మీదికే వచ్చి పడుతున్నది. అక్కడొక ఇంటికి ముందు గోడ ఉన్నది, వెనక గోడ లేదు. గూట్లో దీపం పెట్టిన మసి ఇంకా ఉన్నది. ఒక పెద్దావిడ ఎండు చేపలు ఏరుకుంటూ కూర్చుంది. ఊరు ఇదేనా అని అడిగాను.

"ఇది కాదండీ. అదిగో, ఆ కెరటం ఇరుగుతుంది చూడండి, అక్కడుండేది మా ఈది. నా పెళ్లప్పుడు సముద్రం కాడికి ఎళ్లాలంటే కాళ్లు నొప్పెట్టేయండి."

మాది ఎక్కడని అడిగింది. నిజామాబాదు అన్నాను. ఆమెకు తెలియలేదు. గోదావరి పైన, చాలా పైన అన్నాను.

"అయితే మీరొదిలిన నీళ్లేనన్నమాట మాకొచ్చేది" అన్నదామె. నవ్వుతూనే అన్నది. నాకు వేదిక మీద నిలబడి గంట కోసం ఎదురుచూసినట్టయింది.

న్యాయంగా చెప్పాలంటే ఉప్పాడ కోతకు కారణం నది ఒక్కటే కాదు. హోప్ ఐలాండ్ పెరుగుతూ అలల దిక్కును మార్చింది, రేవు కోసం కట్టిన గోడలు తీరం వెంట నడిచే ఇసుకను ఆపాయి, సముద్రమట్టం నిదానంగా పెరుగుతున్నది. చాలా చేతులు పడ్డాయి. అందులో మన చెయ్యి కూడా ఉన్నది.

మరొక సంగతి చెప్పి తీరాలి. మనం మన్ను ఆపాం గాని ఎరువును ఆపలేదు. పసుపుకు వేసినా, చెరుకుకు వేసినా, వరికి వేసినా, యూరియాలో మొక్క తీసుకోగా మిగిలినదానిలో కొంత వాననీటితో వాగులో పడుతుంది. వాగు నదిలో పడుతుంది. ఇందాక చెప్పిన మీగడ సంగతి గుర్తున్నది కదా. ఆ మూత వల్ల బంగాళాఖాతంలో పైగాలి కిందికి దిగడం కష్టం. నూరు మీటర్ల లోతు దాటిన తర్వాత కొన్ని వందల మీటర్ల మందాన ప్రాణవాయువు దాదాపు లేదు. దాదాపు అన్న మాట ముఖ్యం. 2016లో శాస్త్రజ్ఞులు అతి సున్నితమైన పరికరాలతో కొలిచి చూస్తే అక్కడ ఇంకా లేశమాత్రం ప్రాణవాయువు మిగిలి ఉందని తేలింది. అరేబియా సముద్రంలో ఆ లేశం కూడా లేని చోట్లు ఉన్నాయి. అక్కడ సూక్ష్మజీవులు నత్రజనిని సముద్రం నుంచి లాగి గాలిలో కలిపేస్తాయి, నీటి సారం తగ్గుతుంది. బంగాళాఖాతం ఆ గీతకు వెంట్రుకవాసి ఇవతల నిలిచి ఉన్నది. పైనుంచి ఎరువు వచ్చి పడితే నాచు ఎక్కువగా పెరుగుతుంది, అది చచ్చి కిందికి దిగి కుళ్లేటప్పుడు ఆ మిగిలిన లేశాన్నీ తాగేస్తుంది. మా ఊళ్లో ఎకరానికి ఒక బస్తా ఎక్కువ వేస్తే మంచిదనుకునే రైతుకు దీని సంగతి చెప్పినవాళ్లు లేరు. చెప్పవలసినవాళ్లలో నేనూ ఒకణ్ణి.

పోచంపాడు కట్టకుండా ఉండవలసింది అని నేను అనగలనా? అనలేను. మా మేనమామల పొలం బాల్కొండ వైపు లక్ష్మి కాలువ కింద ఉన్నది. నేను హైదరాబాదులో ఎం.ఏ. చదువుతున్న రోజుల్లో హాస్టలు ఫీజు ఆ వడ్ల మీదనుంచే వచ్చింది. అంటే నా చదువుకు పునాది సముద్రం వాటాలోంచి కోసుకొన్నదే. ఎగువన నీరు లేని రోజులెట్లా ఉండేవో మా బాపు చెప్పేవాడు. వాన లేకపోతే మక్క గట్క కూడా కరువే. అందుకే "నీళ్లు సముద్రం పాలవుతున్నయి" అన్న మాట మా వైపు కడుపులోనుంచి వచ్చిన మాట. దాన్ని ఎగతాళి చేసే హక్కు నాకు లేదు.

అయితే ఒండ్రు విలువ తెలియనివాళ్లం కాదు మనం. చెరువు మట్టి చేనుకు తోలడం తాతల నాటి ఆచారం. 2015 మార్చిలో చెరువుల పూడిక తీసే మిషన్ కాకతీయను అప్పటి మా జిల్లాలోని సదాశివనగర్‌లోనే మొదలుపెట్టారు. ఆ వేసవిలో చెరువు మట్టి కోసం ట్రాక్టర్ల బారులు కట్టిన రైతులను నేను చూశాను. మన చేనుకు బలమైనది కోనసీమకు బలం కాదా అని అడిగితే, కాదనేవాడు మా ఊళ్లో ఒక్కడు కూడా ఉండడు. అడిగినవాళ్లు లేరు, అంతే.

క్లాసులో ఆ చీటీని పైకి చదివి, ఇదంతా చెప్పాను. పాఠం వెనకబడింది. ఆ అమ్మాయి చివరి బెంచీలో తల వంచుకొని రాసుకుంటూ కూర్చుంది. అయిపోయాక లేచి, "అయితే ఏ పదం వాడాలె సార్, వృథా అనకుంట?" అన్నది. తెలుగు మాస్టారును కనుక ఆ ప్రశ్నకు మాత్రం నా దగ్గర జవాబు ఉన్నది. "సముద్రం పాలు అనే అను. వృథాగా అన్న మాట తీసెయ్" అన్నాను.

ఇక మా మేనమామ. పోయిన వానాకాలం గేట్లు ఎత్తారని తెలిసి ఆయనను బండి మీద ఎక్కించుకొని పోచంపాడు పోయాను. జనం తిరునాళ్లకు వచ్చినట్టు వచ్చారు. మక్క కంకులు కాలుస్తున్నారు. తెల్లగా నురగలు కక్కుతూ నీళ్లు దుముకుతున్నాయి. తుంపర మొహాన పడుతుంటే ఆయన తువ్వాల నెత్తికి చుట్టుకొని చాలాసేపు చూశాడు.

"గివి సముద్రం దాక పోతయా అల్లుడా?"

పోతాయన్నాను. ఉప్పాడలో కనిపించిన పెద్దావిడ సంగతీ, మన్ను సంగతీ చెప్పాను. ఆయన మాట్లాడలేదు. గేట్ల వైపు వేలు చూపించాడు.

"నీళ్లు పైకెంచి పోతున్నయి. మన్ను కింద కూసున్నది. మన ఊరి చెరువుకు తూము ఎక్కడుండె? అడుగున. మా చిన్నప్పుడు తూము ఇప్పితె మొదలు అచ్చేటియి చిక్కటి నీళ్లే. అవి ఎవలి మడికి ముందు పారాలె అని మీ తాతకు, పాలోళ్లకు పారలతోటి కొట్లాట."